మెంబరు గారి పరివారం

కౌన్సిలులో నోరు తెరవని మెంబరే ఉత్తమమైన మెంబరు. ఈ మాట అంటే మార్కాపురం క్లబ్బులో కొందరు పెద్దమనుషులు కాఫీ గ్లాసులు కింద పెట్టేసి మొగాలు చూసుకుంటారని తెలుసు. అయినా అనక తప్పదు.

మాట్లాడే మెంబరు వల్ల లోకానికి ఎంత కష్టమో ఎవరైనా ఆలోచించినారా? ఆయన లేచి నిలబడితే రాసుకునేవాళ్లకు చేతులు నొప్పి, అచ్చు వేసేవాళ్లకు కళ్లు నొప్పి. ఒక ప్రశ్న వేస్తే దానికొక జవాబు, జవాబు మీద ఉపప్రశ్న, ఉపప్రశ్న మీద ఒక కమిటీ! ఆ కమిటీ మోటారు ఎక్కి వచ్చి కంభం బంగళాలో దిగితే, చుట్టుపక్కల నాలుగూళ్లలో కోళ్లు మిగలవు. నోరు మూసుకుని కూచున్న మెంబరు వల్ల ఏ ఊళ్లోనైనా ఒక్క కోడి చచ్చిందా?

అందుకే నల్లమలకు ఇవతలి తాలూకాల ఓట్లతో గెలిచి మూడేళ్లు చెన్నపట్నం కౌన్సిలులో కూచుని వచ్చిన రంగనాయకులు గారి సంగతి చెప్పుకోవాల. చెప్పుకుని మనం కూడా కొంచెం బాగుపడాల.

రంగనాయకులు కంభం చెరువు కింద పది ఎకరాల మాగాణి, మెట్టన ఇంకో ముప్పై ఎకరాలు ఉన్న రైతు. యాభై దాటిన మనిషి. వీధిబడిలో చదువుకున్నాడు. లెక్కలు వచ్చు, శతకాలు వచ్చు, ఇంగిలీసు రాదు. ఆయన మెంబరు కావాలని ఆయనతో సహా ఎవరూ అనుకోలేదు. ఆ ఎన్నికల్లో కంభం పెద్దలది ఒక పార్టీ, గిద్దలూరు పెద్దలది ఇంకో పార్టీ. వీళ్ల మనిషి నిలబడితే వాళ్లు ఒప్పుకోరు, వాళ్ల మనిషి నిలబడితే వీళ్లు ఒప్పుకోరు. ఎవరికీ కోపం లేని మనిషి ఎవరా అని రెండు పక్కలవాళ్లూ వెతికితే, ఎవరి జోలికీ పోకుండా పొలం గట్టు మీద గొడుగు వేసుకుని కూచున్న రంగనాయకులు కనిపించినాడు. పొలం నుంచి ఇంటికి పిలిపించి దండ వేసినారు. కాళ్లకు బురద అట్లే ఉంది.

చెన్నపట్నం కోటలో ఆయనకు చివరి వరసలో, తలుపు పక్కన కుర్చీ ఇచ్చినారు. గాలి బాగా వచ్చే చోటు. అంత మంచి చోటు మంత్రులకు కూడా లేదని ఆయన ఇంటికి ఉత్తరం రాసినాడు. చివరి సమావేశాల దాకా ఒక్క రోజు సభ తప్పలేదు. కంభంలో రైలెక్కి, బెజవాడలో బండి మారి, తెల్లటి తలపాగా చుట్టుకుని, గంట కొట్టక ముందే వచ్చి కూచునేవాడు. అక్కడ జరిగేదంతా ఇంగిలీసు. అప్పుడప్పుడు అందరూ నవ్వితే ఆయనా నవ్వేవాడు. ఒక్కోసారి నవ్వు అయిపోయినాక నవ్వేవాడు. అది చూసి ముందు వరసవాళ్లు ఈయన ఏదో లోతుగా ఆలోచించి నవ్వుతున్నాడని భయపడేవాళ్లు.

ఇక ఓటింగు. ఏదైనా తీర్మానం మీద పట్టుదల వస్తే గంట మోగేది. ఔను అనేవాళ్లు ముందు లేచి నిలబడాల, గుమస్తా పేర్లు రాసుకుంటాడు. వాళ్లు కూచున్నాక కాదు అనేవాళ్లు లేచి నిలబడాల. ఏది ఔనో ఏది కాదో రంగనాయకులుకు ఎట్లా తెలుస్తుంది? దానికోసమే ఆయన పార్టీలో గోవిందయ్య గారని ఒక విప్పు ఉన్నాడు. విప్పు అంటే మందను ఒక్క తోవన నడిపించే మనిషి. గోవిందయ్య గారు కోస్తా పెద్దమనిషి, ఆరడుగుల ఎత్తు, దాని మీద జరీ తలపాగా. ఆ జరీ తలపాగా లేస్తే రంగనాయకులు లేచేవాడు. అది కూచుంటే కూచునేవాడు. ఇంత సులువైన రాజకీయం ఇంకొకటి ఉందా?

ఈ సుఖాన్ని చెడగొట్టింది ఒక కరపత్రం.

మార్కాపురంలో వెంకటేశ్వర్లు అని ఒక వకీలు ఉన్నాడు. మంచి చదువరి, ఇంగిలీసులో కలలు కనే మనిషి. రాబోయే ఎన్నికల్లో తాను నిలబడాలని ఆయన కోరిక. ఆయన ఎవరినీ తిట్టలేదు. కౌన్సిలు వాళ్లు అచ్చు వేసే పుస్తకాలన్నీ తెప్పించుకుని, రాత్రింబగళ్లు చదివి, మూడే మూడు వాక్యాలు అచ్చు వేయించినాడు. రంగనాయకులు గారు వేసిన ప్రశ్నలు: సున్న. చేసిన ఉపన్యాసాలు: సున్న. వేసిన ఓట్లు: అరవై రెండు, అరవై రెండూ గోవిందయ్య గారు వేసినట్లే.

ఆ కాయితం కంభం సంతలో మిరపకాయల గంపల మధ్య చేతులు మారి, రంగనాయకులు ఇంటికి బెల్లం చుట్టుకుని వచ్చింది. ఆయన భార్య కృష్ణవేణమ్మ బెల్లం డబ్బాలో వేసి, కాయితం మడతలు విప్పి చదివింది. మొగుడి ముందు పెట్టి, ఇందులో అబద్ధం ఏమన్నా ఉందా అని అడిగింది.

ఆయన రెండు సార్లు చదివినాడు. చివరికి, నా హాజరు సంగతి రాయలేదు చూడు, అన్నాడు.

ఆ మాటకు ఆమె జవాబు చెప్పకుండా లోపలికి పోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె జవాబు చెప్పకుండా పోవడం అదే మొదలు. రంగనాయకులుకు కరపత్రం కన్నా అది ఎక్కువ తగిలింది.

అదే వారంలో మస్తానమ్మ వచ్చింది. అర్ధవీడు పక్క కొండ కింద ఒక చిన్న పల్లె ఆమెది. మొగుడు పోయినాడు. నూట నలభై మేకలు ఉండినాయి. ఆమె వసారాలో కూచుని, నీళ్లు తాగి, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాళ్ల పల్లెకూ వాగుకూ మధ్య ఒక కొండ వాలు ఉంది. తాతల నాటి నుంచి మేకలు ఆ వాలు మీదుగానే నీళ్లకు పోతాయి. పోయిన కార్తీకంలో ఫారెస్టు వాళ్లు వచ్చి అక్కడ రాళ్లు నాటి, బోర్డు పెట్టి, ఇది మూసిన అడవి అన్నారు. మొన్న ఆమె మేకల్ని గార్డులు తోలుకుపోయి బందెలదొడ్లో పెట్టినారు. విడిపించుకునే లోపల మూడు దినాలు అయింది. దొడ్లో నీళ్లు పెట్టేవాడు లేడు. ఆరు మేకలు చచ్చినాయి. అందులో రెండు సూడివి. ఇట్లాంటివి చెప్పేదానికి చెన్నపట్నంలో మనవాడొకడు ఉన్నాడని ఎవరో అంటే నడిచి వచ్చింది.

రంగనాయకులు గొంతు సవరించుకుని, అక్కడ మాటలన్నీ ఇంగిలీసులో జరుగుతాయని, తనకు ఆ భాష రాదని చెప్పినాడు.

"మేక దప్పికయి అరుస్తాదని చెప్పేదానికి ఇంగిలీసు ఎందుకన్నా?" అంది మస్తానమ్మ. "ఆడ తెలుగోళ్లు లేరా?"

ఉన్నారు. చాలా మందే ఉన్నారు. ఆ సంగతి మూడేళ్లుగా ఆయనకు తట్టనే లేదు. లోపలి గుమ్మంలో కృష్ణవేణమ్మ నిలబడి ఉంది. రంగనాయకులు, మాట్లాడతాను పో, అని మస్తానమ్మకు మాట ఇచ్చినాడు. ఇచ్చిన మరుక్షణం నుంచి ఆయనకు ఆకలి చచ్చిపోయింది.

ఫాల్గుణంలో బడ్జెట్టు సమావేశాలు. పది రోజుల ముందు నుంచి ఆయన పొలంలో ఎద్దులకు ఉపన్యాసం వినిపించినాడు. ఇంట్లో భార్యకు వినిపించినాడు. మొదట అందులో మహారాజశ్రీ అనే మాట పదకొండు చోట్ల ఉండేది. కృష్ణవేణమ్మ విని, పదకొండూ తీసేయమంది. తీసేస్తే ఉపన్యాసం సగానికి వచ్చింది. ఈశ్వరుడి దయ గురించిన భాగం కూడా తీసేయమంది. మిగిలింది మేకలు, నీళ్లు, దారి. ఇది సరిపోతుంది, అంది.

చెన్నపట్నంలో దిగినాక ఆయన ముందు గోవిందయ్య గారి దగ్గరికి పోయినాడు. అడవుల శాఖ పద్దు వచ్చే రోజున, ఎదుటి పార్టీ మెంబరు ఒకాయన ఆ పద్దులో వంద రూపాయలు తగ్గించమని తీర్మానం పెడుతున్నాడు. లక్షల పద్దులో వంద తగ్గితే ఏమవుతుందని అడగకండి. అది శాఖ మీద కోపం చూపించే మర్యాద. ఆ తీర్మానం మీద తాను కూడా నాలుగు మాటలు చెప్తానని రంగనాయకులు అన్నాడు.

గోవిందయ్య గారు సంతోషించినాడు. నిజంగానే సంతోషించినాడు. ఆయన మంచివాడు. తప్పకుండా మాట్లాడండి, ఎవరు వద్దన్నారు, ఓటు దగ్గర మాత్రం మనం ప్రభుత్వం వైపే సుమండీ, అన్నాడు. ఈ మాటలో మొదటి సగం రంగనాయకులు చెవిలో పడింది. రెండో సగం పడే లోపలే ఆయన దండం పెట్టి వెళ్లిపోయినాడు.

ఆ రోజు వచ్చింది. అధ్యక్షుడు పేరు పిలిచినాడు. రంగనాయకులు లేచినాడు. గోవిందయ్య గారి తలపాగా లేవకుండా ఆయన ఒక్కడే లేవడం ఆ సభలో అదే మొదలు. నాకు ఇంగిలీసు రాదు అన్నాడు. అట్లయితే తెలుగులోనే చెప్పండని అనుమతి ఇచ్చినారు. అరవ మెంబర్లు కొందరు టీ తాగడానికి లేచిపోయినారు. రాసుకునే గుమస్తా కలం కింద పెట్టి వేళ్లు విరుచుకున్నాడు. ముందు వరసలో తెలుగు మెంబర్లు ఇద్దరు వెనక్కి తిరిగి, చూద్దాం అన్నట్లు నవ్వినారు.

"అధ్యక్షా, మా కంభానికి పడమట కొండ కింద మస్తానమ్మ అని ఒకామె ఉంది," అని మొదలుపెట్టినాడు రంగనాయకులు. "ఆమె మేకలు వాగుకు పోయే దారిలో మీవాళ్లు రాళ్లు నాటినారు. అడవి మీదే, కాదనను. చెట్లు పెరగాల్సిందే. కానీ మేక బోర్డు చదవదు. దప్పికయితే నిలబడదు. పట్టుకపోయి మూడు దినాలు నీళ్లు లేకుండా దొడ్లో పెడితే చస్తాది. ఆరు చచ్చినాయి. ఆ వాలు మీద మేపుకుంటామని అడగడం లేదు. పొద్దున ఒక తూరి పోనియ్యండి, సాయంత్రం ఒక తూరి రానియ్యండి. బండి పట్టేంత వెడల్పు దారి చాలు. ఇంతే నేను అడిగేది."

ఆరు చచ్చినాయన్న చోట నవ్వుతున్న ఇద్దరూ నవ్వు ఆపినారు. ఆయన కూచున్నాడు. తర్వాత అడవుల శాఖ చూసే పెద్దాయన లేచి ఇంగిలీసులో నాలుగు మాటలు చెప్పినాడు. పక్క కుర్చీలో ఉన్న నెల్లూరు మెంబరు రంగనాయకులు చెవిలో, మీ మాట జాగ్రత్తగా పరిశీలిస్తారంట, అని చెప్పినాడు. రంగనాయకులు పొంగిపోయినాడు. ఒళ్లంతా చెమట. పంచె చెంగుతో మొగం తుడుచుకుంటున్నాడు. మస్తానమ్మకు ఏమని చెప్పాలో, కృష్ణవేణమ్మకు ఏమని చెప్పాలో మనసులో అల్లుకుంటున్నాడు.

అంతలో గంట మోగింది.

వంద తగ్గించాలనేవాళ్లు లేవండి అన్నారు. ఎదుటి పార్టీవాళ్లు లేచినారు. రంగనాయకులు అలవాటుగా ముందు వరస వైపు చూసినాడు. జరీ తలపాగా కదలలేదు. ఆయనకు ఏదో సందేహం వచ్చింది. కుర్చీ చేతుల మీద బరువు పెట్టి సగం లేచినాడు. గోవిందయ్య గారు మెల్లగా వెనక్కి తిరిగి చిరునవ్వుతో చూసినాడు. రంగనాయకులు కూచున్నాడు.

తగ్గించకూడదనేవాళ్లు లేవండి అన్నారు. జరీ తలపాగా లేచింది. దానితో పాటు రంగనాయకులు మోకాళ్లు లేచినాయి. మూడేళ్లు పాఠం నేర్చిన మోకాళ్లు. గుమస్తా తన పేరు రాసుకోవడం చూసినాక ఆయనకు తెలిసింది, తాను చెప్పిన మాటకు తానే కాదన్నానని. కూచుందామంటే లెక్క అయిపోయింది.

తీర్మానం పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. బయట వరండాలో గోవిందయ్య గారు భుజం తట్టి, చాలా బాగా మాట్లాడారు, మీ ఒక్క ఓటుతో తేలేది కాదు లెండి, అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆ సాయంత్రం పూటకూళ్ల ఇంట్లో రంగనాయకులు విస్తరి ముందు కూచుని, ఒక్క ముద్ద కూడా నోట పెట్టకుండా లేచిపోయినాడు.

ఇంటికి వచ్చి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. కృష్ణవేణమ్మ అడిగితే, మాట్లాడినాను, పరిశీలిస్తారంట, అన్నాడు. ఇందులో అబద్ధం లేదు. నెల తిరిగేసరికి కౌన్సిలు పుస్తకం అచ్చయి వచ్చింది. ఒక ప్రతి ఆయనకు, ఒక ప్రతి వకీలుకు.

సంత రోజున వెంకటేశ్వర్లు గారు ఒక ఎద్దుల బండి మీద ఎక్కి పుస్తకం చదివినాడు. ఇంగిలీసులో ఒక వాక్యం, దానికి తెలుగు ఒక వాక్యం. రంగనాయకులు గారి ఉపన్యాసం ఎంత ఉందంటే, ఇంత: "శ్రీ రంగనాయకులు తెలుగులో మాట్లాడినారు." అంతే. ఏం మాట్లాడినాడో లేదు. మేకలు లేవు, వాగు లేదు, మస్తానమ్మ లేదు. ఆ కింద కాదన్నవాళ్ల పట్టికలో మాత్రం ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు పోకుండా ఉంది.

జనం ఆయన కోసం అటూ ఇటూ చూసినారు. రంగనాయకులు అక్కడే, వేరుశనగ బస్తాల పక్కన ఉన్నాడు. మస్తానమ్మ కూడా ఉంది. ఆమె గుంపులోంచి ముందుకు వచ్చి, నిజమా అని అడిగింది.

ఆయన తప్పించుకోవచ్చు. అచ్చులో తప్పు పడిందనవచ్చు. వకీలు అబద్ధం చదివినాడనవచ్చు. సంతలో ఇంగిలీసు వచ్చినవాళ్లు ఇంకెవరున్నారు?

"మాట్లాడింది నిజమే," అన్నాడు రంగనాయకులు. "మాట్లాడి, దానికి ఎదురుగా లేచి నిలబడింది కూడా నిజమే. కావాలని కాదు. ఎవరో లేస్తే లేచేది అలవాటయిపోయింది."

వకీలు పుస్తకం మూసి, ఆపైన ఏం చదవాలో తెలీక నిలబడినాడు. తాను వేసిన వల్లో మనిషి తానే వచ్చి కూచుంటే ఎవరికైనా కష్టమే కదా. మస్తానమ్మ తిట్టలేదు. నా మేకలకు నేనేం చెప్పాల అన్నా, అని మాత్రం అడిగింది. ఎండలు ముదురుతున్నాయి. పల్లెలో నీటి గుంటలు ఎండిపోయినాయి.

మరునాడు పొద్దున రంగనాయకులు చెన్నపట్నం పోయేటప్పుడు వేసుకునే కోటు వేసుకున్నాడు. తెల్ల తలపాగా చుట్టుకున్నాడు. ఎక్కడికని కృష్ణవేణమ్మ అడిగింది. అడవి చూసొస్తా అన్నాడు. బండి కట్టించుకుని కొండ కిందికి పోయి, మస్తానమ్మను మేకల్ని తోలుకుని తన వెనక రమ్మన్నాడు.

రాళ్లు నాటిన చోట గార్డు బాలయ్య ఎదురొచ్చినాడు. ఖాకీ చొక్కా, చేతిలో కర్ర. మెంబరు గారిని చూసి ఆగినాడు. ఆయన వెనక నూట ముప్పై నాలుగు మేకల్ని చూసి ఇంకా గట్టిగా ఆగినాడు.

బాలయ్య దగ్గర రెండు ఉత్తరువులు ఉన్నాయి. ఒకటి, మూసిన అడవిలోకి మేకల్ని రానియ్యకూడదు. రెండోది, కౌన్సిలు మెంబర్లు ఎవరైనా అడవి తనిఖీకి వస్తే సలాము చేసి దారి చూపించాల. రెండూ ఒక్క పొద్దున ఒక్క దారిన వస్తాయని ఉత్తరువు రాసిన దొర ఊహించలేదు.

రంగనాయకులు తాను అడవి తనిఖీకి వచ్చినానని చెప్పినాడు.

"మంచిదే మెంబరు గారూ," అన్నాడు బాలయ్య. "మరి ఇవి?"

"నాతో వచ్చినాయి."

బాలయ్య చాలాసేపు ఆలోచించినాడు. ఆయన కూడా ఆ పక్క పల్లెవాడే, వాళ్ల నాయన కూడా మేకలు కాసినవాడే. దొడ్లో చచ్చిన మేకల్ని ఈడ్చి పారేసింది కూడా ఆయనే. చివరికి కర్ర చంకలో పెట్టుకుని సలాము చేసి, ముందు నడిచి వాగు దాకా దారి చూపించినాడు. మేకలు నీళ్లలో మూతులు పెట్టినాయి. రంగనాయకులు ఒక బండ మీద కూచుని చూసినాడు. ఆయనకు ఆ రోజు ఆకలి వేసింది. మస్తానమ్మ మూటలోంచి సద్ది తీసి పెడితే కొర్రన్నం రెండు ముద్దలు తిన్నాడు. మేకలు తాగడం అయినాక ఆయన మళ్లీ ముందు నడిచి, వాలు దాటించి, అవతల వదిలి ఇంటికి వచ్చినాడు.

సాయంత్రం బాలయ్య తన డైరీలో రాసినాడు: గౌరవ మెంబరు గారు పరివారంతో వచ్చి అడవి తనిఖీ చేసినారు.

ఒక్క రోజుతో మేక దప్పిక తీరుతుందా? మరునాడు కూడా తనిఖీ జరిగింది. ఆ మరునాడు కూడా. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. రోజూ బండి ఎందుకని ఆయన కొండ కింద పల్లెలోనే ఒక పందిరి వేయించుకున్నాడు. కృష్ణవేణమ్మ రెండు రోజులకొకసారి మజ్జిగ కుండ పంపించేది. ఒకసారి తానే వచ్చి, వాగు దాకా నడిచి, మేకలు నీళ్లు తాగడం చూసి పోయింది. ఏమీ అనలేదు. కానీ ఆ మౌనం వేరే మౌనమని రంగనాయకులుకు తెలుసు.

పక్క పల్లెలవాళ్లు కూడా తమ మందల్ని కలిపినారు. బాలయ్య డైరీలో పరివారం పెరుగుతూ పోయింది. రేంజరు గారు ఆ డైరీలు చదివి, అడవుల మీద ఇంత శ్రద్ధ ఉన్న ప్రజాప్రతినిధిని తన ఉద్యోగంలో చూడలేదని పై అధికారికి రాసినాడు. పరివారం అంటే ఎవరని అడగాలని ఆయనకు తోచలేదు. తోచినా అడగలేదేమో, మనకేం తెలుసు?

ఈ తనిఖీల్లో పడి రంగనాయకులు శ్రావణంలో జరిగిన కౌన్సిలు సమావేశాలకు పోలేదు. మూడేళ్లలో మొదటిసారి ఆయన పేరు పక్కన గైరుహాజరు అని పడింది. వెంకటేశ్వర్లు గారు కొత్త కరపత్రం వేసినాడు. ప్రశ్నలు సున్న, ఉపన్యాసాలు ఒకటి, అదీ తెలుగులో, ఓటు దానికి ఎదురు, ఇప్పుడు హాజరు కూడా లేదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అన్నీ పుస్తకంలో ఉన్నవే. మన పెద్దమనుషులు చదివి తలలాడించినారు.

భాద్రపదంలో ఎన్నికలు వచ్చినాయి. ఆ పొద్దున మేకల్ని తొందరగా నీళ్లకు తోలి, మస్తానమ్మ నలభై మంది కాపర్లను వెంటబెట్టుకుని కంభం కచ్చేరికి నడిచింది. ఉతికిన చీర కట్టుకుంది. వరసలో నిలబడి, తన వంతు వచ్చినాక, రంగనాయకులన్నకు ఓటు వేయాల అని చెప్పింది.

బల్ల దగ్గర కూచున్న గుమస్తా పట్టిక అంతా వెతికినాడు. పట్టా ఉందా అని అడిగినాడు. లేదంది. శిస్తు ఏమన్నా కడతావా అని అడిగినాడు. భూమి లేదు కదా, దేనికి కడతానంది.

"మరేముంది నీకు?"

"మేకలుండాయి."

"మేకలకు ఓటు లేదమ్మా."

"మేకలకు కాదయ్యా, నాకు," అంది మస్తానమ్మ.

ఆమెకు కూడా లేదని, వెనక నిలబడిన నలభై మందికీ లేదని గుమస్తా ఓపికగా విడమరిచి చెప్పినాడు. భూమి పట్టా గానీ, సర్కారుకు కట్టే పన్ను గానీ ఉన్నవాళ్లకే ఓటు. మేక మీద అట్లాంటి పన్ను లేదు. సర్కారు వాళ్ల దయ!

ఆమె బయటికి వచ్చి, చింతచెట్టు కింద కూచున్న రంగనాయకులుకు సంగతి చెప్పింది. ఆయన నిర్ఘాంతపోయినాడు. మూడేళ్లు మెంబరుగా ఉండి, ఎవరికి ఓటు ఉందో ఎవరికి లేదో ఆయన ఒక్కసారి కూడా పట్టిక చూసుకోలేదు. ఓటు వేసిన మనిషి వచ్చి అడిగిందని కదా ఆయన చెన్నపట్నంలో లేచి నిలబడింది.

"ఓటు లేకుండా నన్ను అడిగేదానికి ఎట్లొచ్చినావు మస్తానమ్మా?" అన్నాడు.

"ఓటుంటేనే అడగాలని నాకెవరు చెప్పినారన్నా?" అంది ఆమె.

రంగనాయకులు రెండువందల పన్నెండు ఓట్లతో ఓడిపోయినాడు. వెంకటేశ్వర్లు గారిని ఊరేగించినారు. ఓడిన మరునాడు పొద్దున రంగనాయకులు కోటు వేసుకోవాలా వద్దా అని చాలాసేపు నిలబడినాడు. మెంబరు కాని మనిషికి తనిఖీ ఎక్కడిది? ఆ ఏడు వానలు మొగం చాటేసినాయి. మేకలకు వాగు తప్ప వేరే దిక్కు లేదు. కృష్ణవేణమ్మ కోటు తెచ్చి చేతికిచ్చింది.

రాళ్ల దగ్గర బాలయ్య ఉన్నాడు. ఎన్నికల సంగతి ఆయనకు తెలుసు. ఊరేగింపు ఆయన ఇంటి ముందు నుంచే పోయింది. రంగనాయకులు దగ్గరికి పోయి, ఇంక నేను మెంబరును కాను బాలయ్యా, అని చెప్పినాడు. దాచడం ఆయనకు చేతకాదు.

"నాకింకా కాయితం రాలేదు," అన్నాడు బాలయ్య. "కాయితం రానిదే నాకేమీ తెలీదు." కర్ర చంకలో పెట్టుకుని సలాము చేసినాడు.

కొత్త మెంబరు వెంకటేశ్వర్లు గారు మాట తప్పే మనిషి కాదు. మొదటి సమావేశంలోనే చక్కని ఇంగిలీసులో ప్రశ్న వేసినాడు. అర్ధవీడు పక్క వాగుకు పోయే మేకల దారిని తెరుస్తారా లేదా? అచ్చులో ప్రశ్న పూర్తిగా పడింది. జవాబు కూడా పూర్తిగా పడింది. స్థానిక గార్డు డైరీలు పరిశీలించగా, గత ఏడు నెలల్లో ఆ దారిన మేకలను ఆపినట్లు గానీ పట్టుకున్నట్లు గానీ ఎక్కడా లేదు, కనుక మూసివేతే జరగనప్పుడు తెరిచే ప్రసక్తి ఉత్పన్నం కాదు.

వెంకటేశ్వర్లు గారే ఆ పుస్తకం తెచ్చి, కంభం సంతలో రంగనాయకులు చేతిలో పెట్టినాడు. ఆయన మొగం కొంచెం చిన్నబోయి ఉంది. మస్తానమ్మ వచ్చి, ఏం రాసినారన్నా అని అడిగింది. దారి మూయనే లేదంట, అందుకని తెరవరంట, అని రంగనాయకులు చెప్పినాడు.

ఆమె ఆ పుస్తకం వైపు ఒకసారి చూసింది.

"అయితే రేపు పొద్దున కూడా నువ్వు రావాల్సిందేనా అన్నా?"

"రావాల్సిందే," అన్నాడు రంగనాయకులు.